ఎనభై ఎనిమిది పండ్లు

అమ్మకానికున్నది.
ఈ ఒక్క మాట అట్టముక్క మీద మూడుసార్లు రాసి
మూడుసార్లు చింపిన.
నాలుగోసారి రాసేది ఇదే.

పెద్ద పియానో. మూడు కాళ్లది.
పొడుగు ఏడడుగులకు రెండంగుళాలు తక్కువ,
బరువు ఆరుగురు మనుషులు, కొన్ని తిట్లు.
మట్టెవాడ సందులకు నిలువుగ రాలే, అడ్డంగ రాలే,
పక్కింటి గోడ మీద గాజుపెంకులు రాలగొట్టుకుంట
ఒక పక్కకు పండుకొని వచ్చింది.

ఎవరిదని అడగొద్దు.
ఖాజీపేట గూడ్సు షెడ్డుల
ఎవరూ విడిపించుకోని సరుకుల వేలంల
చిరిగిన టార్పాలిన్‌తో కలిపి పాడుకున్న.
పేరు చీటీ ఎలుకలు తిన్నయి,
‘సికిం’ వరకే మిగిలింది.
సికింద్రాబాదుకు పోవాల్నో, అక్కడికెళ్లే బయలెల్లిందో
ఆ కాయితానికే తెల్వాలె.

నేను హార్మోనియాలు బాగుచేసేటోన్ని,
దేవోజు భిక్షపతిని.
తిత్తి చిరిగితే భజనోళ్లు, చర్చోళ్లు నా దగ్గరికే వస్తరు.
దీని మూత ఎత్తిన రోజు
లోపల చెదల పుట్ట, ఎండిన పిచ్చుకగూడు,
తుప్పు తీగెలు రెండువందల పైచిలుకు.
ఊపిరితోని పలికే పెట్టె నాకు తెలుసు.
దెబ్బతోని పలికే పెట్టె తెల్వదు.
తెలిసేసరికి నాలుగేండ్లు.

ఉన్నదున్నట్టు చెప్త.
కట్టె పాతదే. ఎడమ కాలు మాత్రం
ఏటూరునాగారం టేకు, రసీదున్నది.
కింది తొక్కుడు మీటలు పెంబర్తిల పోయించిన,
పోసినాయన చెయ్యి ఊకోక
ఒకదాని అంచుకు హంసను చెక్కిండు,
దానికి పైసలడగలే.
లావు తీగెలకు రాగి చుట్టింది
బోరుమోటార్లు చుట్టే యాకూబ్.
దంతం బిళ్లలు ఊడినకాడ
బర్రెబొక్క అరగదీసి అతికిన, పదకొండు చోట్ల.
చూసేటోళ్లకు తెలుస్తది, వినేటోళ్లకు తెల్వదు.

సుత్తెల మెత్తకు బొంబాయికి ఉత్తరం రాసిన.
వాళ్లు చెప్పిన ధరకు నా దుకాణమే వస్తది.
అప్పుడు కొమురవ్వ మందకాడ
నల్లగొర్రెల ఉన్ని తెచ్చి
తడిపి తొక్కి, తడిపి తొక్కి
ఎనభై ఎనిమిది సుత్తెలకు కట్టిన.
శబ్దం గొంగడి కప్పుకున్నట్టుంటది.
అది లోపమేనని పట్నం నుంచొచ్చినాయన అన్నడు.
రాసుకున్న.

ఫంక్షన్ హాలాయన, లోపలిది తీసేసి
ఒట్టి డొల్ల ఎంతకిస్తవన్నడు,
పూలు పెట్టుకుంటడట.
ఆయనకు నీళ్లిచ్చి పంపిన.

నిన్న కొమురవ్వ వచ్చింది.
ఉన్ని పైసలు పదకొండు వందలు బాకీ.
“అమ్మినంక ఇస్త” అంటే
“ఏదీ, సూడనీ” అని
చెప్పులిడిసి లోపలికొచ్చి
పొట్టేలు దవడ పట్టినట్టు అంచు పట్టుకొని
పండ్లు లెక్కపెట్టింది.
రెండు పండ్లది, నాలుగు పండ్లది, ఆరు పండ్లది,
ఎనిమిది నిండితే ముదురు.
ఆమె లెక్క అక్కడికే.
“ఇన్ని పండ్లదాన్ని ఏ సంతల సూడలే.
ఏం మేస్తదిరా ఇది?”

“నాలుగేండ్ల నుంచి నన్నే మేస్తున్నదవ్వా.”

ఆమె నవ్వలే.
ఎడమ చివరిది ఒక్కటి నొక్కింది,
వేలు తీయలే.
మోత లేచి, గోడవారకు పాకి,
రేకు డబ్బల మొలలను గలగలలాడించింది.
తర్వాత సన్నబడ్డది.
ఇంకా సన్నబడ్డది,
పొద్దుగూకినంక మంద తప్పిన గొర్రె
గుట్ట అవతల నుంచి పిలిచినంత.
అయిపోయింది అనుకున్న.

“ఇంకున్నది” అన్నది.

నలభై ఏండ్లుగ శ్రుతులు పట్టిన చెవి నాది.
ఏమీ వినపడలే.
ఆమె తల వంచుకొని నిలబడ్డది.
వేలి గోటికింద మట్టి, గోటిమీద పాత దెబ్బ.

“ఇంకున్నది.”

సందుల ఆటో ఒకటి హారన్ కొట్టింది.
వేలు తీసింది. చెప్పులేసుకుంది.
“పైసలు బేస్తారం వరకు కావాలె,
వాన వడితే దీనికాడ తడి ఉన్ని వాసనొస్తది,
కొనేటోనికి ముందే చెప్పు” అని పోయింది.

అందుకే ఇది కూడా రాస్తున్న.
వానకు వాసనొస్తది.
పక్కింటాయన గోడకు కొత్త గాజుపెంకులు పెట్టించిండు,
తీసుకపోయేటప్పుడు ఆ ఖర్చు కొన్నోళ్లదే.
ధర రాసే జాగల
రాత్రి నుంచి పెన్ను పెట్టి కూసున్న.